బుల్లి పట్టాల మీద దుమ్ము

ఇంజన్ మీద బతికినవాడికి దుమ్మంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. డెబ్బైల మొదట్లో నేను బెజవాడ షెడ్డులో ఫైర్‌మన్‌ని. పొయ్యిలోకి బొగ్గు ఎగదోయడం, డ్యూటీ దిగి ఇంటికొచ్చాక సబ్బు అరిగేదాకా ఒళ్ళు రుద్దుకోవడం, అయినా తెల్లారేసరికి తలగడ గలేబు నల్లగా ఉండటం, మా ఆవిడ దాన్ని నా మొహం ముందు ఆడించి తిట్టడం, ఇదీ మా సంసారం. ఊళ్ళో ఆరేసిన బట్టలన్నీ మసిబారడానికి నేనొక్కడినే కారణమన్నట్టు మాట్లాడేది ఆవిడ. అలాంటి నన్ను పట్టుకెళ్ళి దుమ్ము తుడిచే పనిలో పెట్టారు. అదీ నిజం బండి మీద దుమ్మయితే ఏదోలే అని సరిపెట్టుకుందును. బల్ల మీద తిరిగే బొమ్మ రైలు మీద దుమ్ము.

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం తల కొట్టేసినట్టయింది.

జరిగిందేమిటంటే, ఆ ఏడాది ఎండాకాలంలో గుడివాడ వైపు వెళ్ళే ప్యాసింజరు మీద ఉన్నాను. వంపులో సిగ్నల్ కోసం తల బయటికి పెట్టి చూస్తుంటే నిప్పురవ్వ ఒకటి వచ్చి కుడికంట్లో పడింది. ఆస్పత్రి వాళ్ళు కన్నయితే నిలబెట్టారు గానీ చూపు పూర్తిగా నిలబెట్టలేకపోయారు. ఆ కంటికి లోకమంతా ఉతికి ఆరేసిన పల్చటి పంచె చాటు నుంచి చూసినట్టు కనిపించేది, ఇప్పటికీ అంతే. రైల్వేలో బండి నడిపేవాళ్ళకి చూపు పరీక్ష గట్టిగా ఉంటుంది. నేను తప్పాను. ఇంజన్ ఎక్కడానికి పనికిరాడని రాసేశారు. వేరే పని ఏదైనా చూపించేదాకా ఉంచుతారు, చూపించలేకపోతే లెక్క తేల్చి ఇంటికి పంపేస్తారు. ఇల్లంటే మైలవరం పక్కన మా ఊరు, అక్కడ అన్నయ్య వ్యవసాయం. అన్నయ్య మంచివాడే. కానీ ఇంజన్ మీద ఊళ్ళు తిరిగినవాణ్ణి, పెళ్ళాం పిల్లలతో వెళ్ళి ఆయన పంచలో ఎలా కూర్చోను?

షెడ్డుకి కాస్త దూరంలో రైల్వే వాళ్ళదే ఒక శిక్షణ బడి ఉండేది. కొత్తగా చేరిన స్టేషన్ మాస్టర్లు, క్యాబిన్ వాళ్ళు అక్కడికి వచ్చి సిగ్నళ్ళ సంగతీ, బండికి దారి ఎలా ఇవ్వాలో ఆ సంగతీ నేర్చుకుని వెళ్ళేవాళ్ళు. నన్ను తాత్కాలికంగా అక్కడ వేశారు. పని, మోడల్ గది చూసుకోవడం. దసరా వెళ్ళాక పెద్దాఫీసరు తనిఖీకి వస్తారనీ, ఆయన చూసి సరేనంటే ఆ పని నాకు ఖాయమవుతుందనీ, కాదంటే అన్నయ్య దగ్గరికేననీ ముందే చెప్పారు.

మోడల్ గది పొడవాటి గది. అందులో నడుము ఎత్తున ఒక పెద్ద బల్ల, దాని మీద రెండు స్టేషన్లు, మధ్యలో ఒకే లైను. ఇత్తడి పట్టాలు, అగ్గిపుల్లల్లాంటి స్లీపర్లు, చెయ్యి ఎత్తి దించే పాత తరహా సిగ్నళ్ళు వేలెడంత. రంపపు పొడికి ఆకుపచ్చ రంగు వేసి పచ్చికలా అంటించారు. ఒక చోట అద్దం ముక్కకి అడుగున నీలం పూసి దాన్ని కృష్ణ అన్నారు, దాని మీద వంతెన కట్టారు. ఎవరో పనిమంతులు చేశారు, కాదనను. ఒక నల్లటి ఇంజన్, దాని వెనక కొన్ని పెట్టెలు. అరచేతిలో పట్టే ఆ ఇంజన్‌ని మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి తన్నుకొచ్చాయి. అంత పొయ్యిని సముదాయించిన చేతికి గుప్పెట్లో పట్టే ఇంజన్!

ఆ గదికి పెద్ద దిక్కు అక్కడి మాస్టారు. సిగ్నళ్ళ పాఠం చెప్పేది ఆయనే, గదికి మనిషి కావాలని కాగితం రాసి నన్ను అడిగి వేయించుకున్నదీ ఆయనే. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, సన్నగా, తెల్ల చొక్కా తెల్ల ప్యాంటు. క్రైస్తవులు, గుణదలలో సొంతిల్లు. ఉదయం గుణదల నుంచి సైకిల్ మీద వచ్చేవారు. మాట మెత్తన, కానీ పట్టుకున్నది ఒక పట్టాన వదిలేవారు కాదు. మొదటి రోజు నా చేతిలో ఒక మెత్తటి బ్రష్షు పెట్టి, "ఇదే నీ పారనుకో అయ్యా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన ఎగతాళికి అన్నారనుకున్నాను. అలా అనుకోవడం తప్ప ఆ రోజుల్లో నాకింకో పని లేదు. ఎవరు ఏమన్నా నా కన్ను గురించే అన్నట్టు ఉండేది.

దుమ్ము తుడవడమేగా అనుకున్నాను. ఆ రైలుకి కరెంటు పట్టాల్లోంచే అందుతుంది. పట్టాకీ చక్రానికీ మధ్య పలుచటి పొర చేరినా చాలు, బండి ఠక్కున ఆగిపోతుంది. బెజవాడలో దుమ్ము చేరకుండా ఉండే చోటెక్కడ? కిటికీ తెరిస్తే షెడ్డు నుంచి మసి. గాలి మళ్ళితే రైసు మిల్లుల నుంచి ఊక బూడిద, పట్టుకుంటే పట్టులా మెత్తగా ఉండేది గానీ పట్టాల మీద పడితే వదిలేది కాదు. కిటికీలు మూస్తే లోపల ఫ్యాను, ఫ్యాను కింద మాస్టారి నల్లబల్ల, దాని సుద్దపొడి. ఇవన్నీ చాలవని శిక్షణకి వచ్చే కుర్రాళ్ళు మెడ చుట్టూ తెల్లగా పౌడర్ పూసుకుని వచ్చి, బల్ల మీదికి వంగి వంగి చూసేవాళ్ళు. ఒకసారి స్టేషన్‌లో పక్కకి చీలే లూపులైను మీద సువాసన వస్తోంటే ఏమిటా అని చూశాను. పౌడరే. ఆ రోజు నుంచి బల్లకి బారెడు దూరంలో నేల మీద సుద్దతో గీత గీసి, "దాటారో మర్యాదగా ఉండదు" అని చెప్పాను. కాబోయే స్టేషన్ మాస్టర్లు బుద్ధిగా గీత వెనకాల నుంచున్నారు. మాస్టారు ఆ గీత చూసి, "సుద్దతో గీశావా?" అన్నారు అంతే. తర్వాత నేనే దాన్ని తడిగుడ్డతో తుడిచేసి, ఒక తాడు కట్టాను.

మొదట్లో బండి రోజూ ఆగేది. స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఎక్కడో ఆగేది, శిక్షణ కుర్రాళ్ళంతా నా వైపు చూసేవాళ్ళు. మాస్టారు మాత్రం నా వైపు చూసేవారు కాదు. బెత్తం అటు చూపించి, "చూశారా, బండి దారిలో నిలిచిపోయింది. ఎందుకు నిలిచిందో మీకు తెలీదు. వెనక ఇంకో బండి రావాలి. ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగేవారు. అలా నా తప్పుతుడుపులన్నీ ఆయన చేతిలో పాఠాలైపోయేవి. ఆ బ్యాచిలో పాసై వెళ్ళినవాళ్ళకి దారిలో ఆగిపోయిన బండి సంగతి తెలిసినంత బాగా ఇంకేదీ తెలిసుండదు. అప్పట్లో ఆయన నా పరువు కాపాడుతున్నారని నాకు తోచలేదు. ఇదేదో ఆయన చాదస్తం అనుకున్నాను.

మెల్లగా పని పట్టుబడింది. పొడి చీపురు ఆ గదిలోకి రానివ్వకూడదు, నేల తడిగుడ్డతోనే తుడవాలి. మెత్తటి బ్రష్షు ఎప్పుడూ ఒక వైపుకే లాగాలి. మూలల్లో, బండి దారి మళ్ళే పాయింట్ల సందుల్లో బ్రష్షు దూరని చోట సైకిల్ పంపు పెట్టి గాలి కొట్టాలి, అదీ నెమ్మదిగా, లేకపోతే కృష్ణ ఒడ్డున పచ్చికంతా లేచిపోతుంది. జిడ్డు పట్టిన పట్టాకి స్పిరిట్ అద్దిన గుడ్డ, మొండికేస్తే పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరు. రబ్బరుతో రుద్దితే ఇత్తడి ఎలా మెరిసేదో! నా కుడికన్ను మసక కాబట్టి, తుడిచాక వేలి కొసతో పట్టా పొడుగునా రాసుకుంటూ వెళ్ళేవాణ్ణి. కంటికి ఆనని నలుసు వేలికి తగిలేది.

సాయంత్రం బల్ల మీద కప్పడానికి దుప్పటి ఇచ్చారు. పొద్దున తీస్తే దాని నూగంతా పట్టాల మీదే. ఇంట్లో ఆ మాట అంటే మా ఆవిడ ఎగిరిపడింది. "మీకెవరిచ్చారండీ అది? నూలు దుప్పటి నూగు రాల్చక ముత్యాలు రాలుస్తుందా?" అంది. అంతలోనే మెత్తబడి తన నైలాన్ చీర ఇచ్చింది. ఆ రోజుల్లో నైలాన్ చీరంటే మామూలు సంగతి కాదు. దాన్ని కప్పి మర్నాడు తీస్తుంటే చిటపటమంది, గదిలో ఉన్న నలుసంతా దానికే అతుక్కుని ఉంది. ఆవిడకి తిరిగిస్తే, ఏమీ అనకుండా లోపలికెళ్ళి పాత వాయిలు చీరలు రెండు కలిపి కుట్టి, చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. గంజి పెట్టిన గుడ్డకి నూగు లేవదు, దుమ్ము పట్టదు. ఆ తెర కప్పిన మొదటి మర్నాడు బండి ఒక్కసారి కూడా ఆగకుండా రెండు స్టేషన్లూ చుట్టి వచ్చింది. ఆ సంగతి ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పాలనిపించింది, చెప్పలేదు. అప్పటికి నేను ఇంట్లోనూ అవసరానికి ఒక ముక్క తప్ప మాట్లాడటం మానేశాను.

మాట్లాడటం మానేశానంటే నిజంగానే మానేశాను. ఇంజన్ దిగిన రోజు నుంచి షెడ్డు వాళ్ళెవరికీ మొహం చూపించలేదు. నేను ఎవరి కింద బొగ్గు కొట్టానో ఆ డ్రైవరు గారు రెండు మూడు సార్లు ఇంటికొచ్చారు. ఆయనది కూచిపూడి పక్క పల్లెటూరు. కాళ్ళకి గజ్జెలు కట్టలేదు గానీ ఇంజన్‌లో మేం నిలబడే ఫుట్‌ప్లేటు మీద ఒక్క క్షణం ఒక చోట నిలిచేవారు కాదు. నన్ను కొడుకులా చూసుకున్నారు, కొడుకుని తిట్టినంత ధారాళంగా తిట్టారు. ఆయన గొంతు వినపడగానే నేను పెరట్లోకి వెళ్ళి నూతి పక్కన కూర్చునేవాణ్ణి. నేను ఇంట్లో లేనని మా ఆవిడ చెప్పి, ఆయనకి మంచినీళ్ళిచ్చి పంపేది. ఆయన వెళ్ళాక నా ఎదురుగా నుంచుని, "ఆయనకి తెలీదంటారా మీరు పెరట్లో ఉన్నారని?" అనేది. నేను లేచి నూతిలోకి చేద వదిలేవాణ్ణి.

దసరా వచ్చింది. బెజవాడలో దసరా ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నవమి నాడు షెడ్డులో ఆయుధ పూజ. ఇంజన్లన్నీ కడిగి తుడిచి, అరటిపిలకలు కట్టి, బంతిపూల దండలు వేసి, పసుపూ కుంకుమా బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఎదురుగా గుమ్మడికాయ పగలగొట్టి, కూత వేసి ఒక్క అడుగు ముందుకు నడిపేవాళ్ళం. ఫైర్‌మన్‌గా చేరినప్పటి నుంచీ నేనా పూజ తప్పలేదు. ఆ ఏడు వెళ్ళలేదు. ఇంట్లో దేవుడి దగ్గర కూడా కూర్చోలేదు. షెడ్డు నుంచి వరసగా కూతలు వినబడుతుంటే చెవులు మూసుకుందామా అనిపించింది. దశమి మర్నాడే తనిఖీ కదా అని వంక పెట్టుకుని, సెలవైనా మధ్యాహ్నం బడికి బయల్దేరాను.

వెళ్ళేసరికి మోడల్ గది తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో చెప్పుల గుట్ట. అగరొత్తుల వాసన. లోపల మా డ్రైవరు గారు, ఆయన వెనక షెడ్డులో నాతో పనిచేసినవాళ్ళు నలుగురైదుగురు, అందరూ తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని ఉన్నారు. బల్ల మీద నా బుల్లి ఇంజన్‌కి బంతిపూవు ఒకటి దండలా వేశారు. పెట్టె పెట్టెకీ బొట్టు. రెండు స్టేషన్లకీ పసుపు పూశారు. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయ మరీ పెద్దదైందేమో, నాలుగు ముక్కలు కోసి పెట్టారు. ఇంజన్ ఎదురుగా, సరిగ్గా పట్టాల మధ్యన కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు పాయింట్ల సందుల్లోకి పారుతున్నాయి. హారతి మసి వంతెన మీద పడింది.

"రారా, రా. నీకోసమే చూస్తన్నాం. ఇంజన్‌ని ముందుకి నడపాల గదా, అది నీ చెయ్యే పడాల" అన్నారు డ్రైవరు గారు నవ్వుతూ.

నేను మీట నొక్కాను. ఎందుకు నొక్కానో తెలీదు, బహుశా కదులుతుందేమోనన్న ఆశ. అది కదల్లేదు.

అంతే, నోరు తెరిచాను. పెద్దాచిన్నా చూడలేదు. "ఏం చేశారండీ మీరు? ఇదేమన్నా షెడ్డా? ఎల్లుండి పెద్దాఫీసరొస్తున్నాడు, నా పెళ్ళాం పిల్లల కూడు ఈ పట్టాల మీదుంది, దాని మీద కొబ్బరినీళ్ళు పోస్తారా? పసుపు ముద్దలు పెడతారా? తలుపు ఎవడు తీశాడు మీకు? ఆ వాచ్‌మన్ సంగతి చెప్తాను" అని అరిచాను. అరుస్తూనే నిమ్మచెక్కలు ఏరి విసిరేశాను. నిమ్మరసం ఇత్తడిని తినేస్తుందని కేకలేశాను. అంతకు ముందు నెలల తరబడి నేనన్న మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు.

వాళ్ళు బిక్కచచ్చిపోయి నుంచున్నారు. ఒకడు మెల్లగా, "నువ్వు పూజకి రాలేదు గదా అన్నా, నీ ఇంజన్ పూజ లేకుండా ఉండిపోద్దని..." అన్నాడు. నీ ఇంజన్ అన్నాడు వాడు. నా మనసులో అది కలుక్కుమంది గానీ కోపంలో పైకి తేలలేదు. డ్రైవరు గారు మాత్రం నా అరుపులు వింటూ తల ఊపుతున్నారు. నాలో ఆవిరి ఎంత ఎక్కిందో మీటరు చూసుకుంటున్నట్టు ఉంది ఆయన మొహం.

"సరే. చెప్పరా ఏం చెయ్యాలో" అన్నారు.

ఆ మధ్యాహ్నం, మర్నాడు దశమి పూటా ఆ గదిలోనే ఉన్నాం. మొట్టమొదట వాళ్ళు చేసిన ఘనకార్యం, జేబుల్లోంచి దూది తీయడం. షెడ్డులో ఇంజన్ తుడిచే పీచు దూది అది. ఒకడు అప్పుడే పట్టా మీద దాన్ని రుద్దబోతున్నాడు. "ఒరేయ్, పీచు!" అని వాడి చెయ్యి పట్టుకుని లాగాను. కుంకుమ పొడిగా ఉన్నప్పుడే బ్రష్షుతో తీయాలి, తడి తగిలిందో రంగు దిగిపోతుంది. ఎండిన పసుపుని గోటితో గీకితే గీతలు పడతాయి, వెదురుపుల్ల చెక్కి దాంతో తీయాలి. నిమ్మరసం తగిలిన చోట తడి వేలితో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. కొబ్బరినీళ్ళు జిగురెక్కిన చోట స్పిరిట్. నేను చెప్పడం, వాళ్ళు చేయడం, తప్పు చేస్తే నేను తిట్టడం. మొద్దు చేతులు వాళ్ళవి. నావీ అవే చేతులు. ఆ చేతులతో బల్ల మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, పాయింటు పాయింటుకీ మధ్య పుల్ల తిప్పుతుంటే చూడాల్సిందే. ఒకడు తుమ్మొచ్చి గది బయటికి పరిగెత్తాడు. వంతెన కింద అద్దం తుడుస్తూ ఒకడు, "కృష్ణలో ఇంత తేటగా మా మొహం ఎప్పుడూ కనపళ్ళేదన్నా" అన్నాడు. నేను నవ్వాను. నవ్వానని తర్వాత తెలిసింది, మిగతావాళ్ళు పనాపి నా వైపు చూస్తే.

డ్రైవరు గారు సైకిల్ పంపు కొట్టే పని తీసుకున్నారు. అంత మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, "చాలా? ఇంకాస్తా?" అని నన్ను అడుగుతూ పసిపిల్లాడికి వేన్నీళ్ళు చల్లార్చినంత జాగ్రత్తగా గాలి కొట్టారు. దశమి నాడు మా ఆవిడ పులిహోర గిన్నె పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నుంచుని, నేను వాళ్ళని తిట్టడం కాసేపు విన్నది.

"అబ్బో, నోరొచ్చిందే మావారికి" అంది.

"అవునమ్మా. నిన్నట్నుంచీ మమ్మల్ని ఒకటే చీవాట్లు పెడతన్నాడు. చెవులు చిల్లులు పడ్డాయి" అన్నారు డ్రైవరు గారు. ఆయన ఆ మాట బాధగా చెప్పినట్టు లేదు.

వాళ్ళని తినేటప్పుడు బయట వరండాలో కూర్చోబెట్టాను. పోపులో నూనె పట్టాలకి తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుంటే తప్ప లోపలికి రానివ్వలేదు.

తనిఖీ రోజు పెద్దాఫీసరు వచ్చారు. ఆయనకి నా కాగితాలు ముందే తెలుసు. గదిలోకి వస్తూనే, "ఇతనేనా? కన్ను బాగాలేదన్నారు. ఇంత సన్నపని ఎలా చూసుకుంటాడు?" అని మాస్టారిని అడిగారు, నేను అక్కడ లేనట్టే. మాస్టారు, "చూడండి సార్" అని మాత్రం అన్నారు.

మీట నొక్కాను. బండి కదిలింది. మొదటి స్టేషన్ దాటింది, సిగ్నల్ చెయ్యి దిగింది, వంతెన ఎక్కింది. వంతెన మధ్యలో ఆగిపోయింది.

ఈసారి మాస్టారు పాఠం ఎత్తుకోలేదు. నేను తాడు దాటి వెళ్ళి వంగాను. కంటికి ఏమీ కనబడలేదు. వేలి కొస పెట్టి పట్టా మీద రాసుకుంటూ వెళ్ళాను. రెండు పట్టాలు కలిసే అతుకు దగ్గర ఏదో తగిలింది, నువ్వుగింజలో సగం కూడా ఉండదు. వేలితోనే తీసేసి పక్కకి జరిగాను. బండి తనంతట తనే కదిలి రెండో స్టేషన్‌లోకి వెళ్ళి నిలిచింది.

ఆఫీసరు నా చెయ్యి చూపించమన్నారు. వేలి మీద ఎర్రగా ఉంది. "ఏమిటిది, దెబ్బ తగిలిందా?" అన్నారు.

అబద్ధం చెప్పడానికి నాకు ఏమీ తోచలేదు. "కుంకుమండీ. నవమి నాడు షెడ్డు వాళ్ళు ఇంజన్‌కి ఆయుధ పూజ చేశారు. అంతా తీశాం, ఇది ఉండిపోయింది" అన్నాను.

ఆయన ఇంజన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "దీనికా పూజ?" అన్నారు. తర్వాత ఏమనుకున్నారో, "మరి ప్రసాదం ఏదయ్యా?" అన్నారు. మాస్టారు నవ్వారు, ఆయనా నవ్వారు. ఇంకో రెండు సార్లు బండి తిప్పించి చూసి, పట్టా మీద తన వేలు కూడా రాసి చూసుకుని, బయటికి వెళ్తూ మాస్టారితో, "ఉంచండి ఇతన్ని. కాగితం పంపిస్తాను" అన్నారు. ఆ మాట నేను చెవులారా విన్నాను. ఆ కాగితం వచ్చింది కూడా. దాని మీదే నా పిల్లలు చదువుకున్నారు. ఆ ఆఫీసరు ఎక్కడున్నా చల్లగా ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన్ని సాగనంపి మాస్టారు తిరిగి గదికి వచ్చారు. నేను వాయిలు తెర కప్పుతున్నాను. సంతోషంతో పాటు లోపల మిగిలిన మంట కూడా ఉంది నాలో. "సార్, ఒక్క మాట. వాచ్‌మన్‌ని కాస్త మందలించండి. సెలవు రోజున గది తాళం అడిగినవాళ్ళందరికీ ఇచ్చేస్తే ఎలాగండీ? ఆ ఒక్క నలుసుతో నా బతుకు తెల్లారిపోయేది" అన్నాను.

"వాచ్‌మన్ ఇవ్వలేదు. మీ డ్రైవరు గారు గుణదల వచ్చి, మా ఇంట్లో కూర్చుని అడిగారు. నేనిచ్చాను" అన్నారు ఆయన.

నాకు అర్థం కాలేదు. "పసుపూ కుంకుమా పోస్తారని తెలిసే ఇచ్చారా? తనిఖీ ముందు పెట్టుకునా? నా కోసం కాగితాలు రాసిందీ, నన్నిక్కడికి అడిగి వేయించుకున్నదీ మీరే కదండీ!"

"తెలుసు. ఆయన దాచలేదు, కొబ్బరికాయ కూడా కొడతామనే చెప్పారు" అన్నారు మాస్టారు. బల్ల అవతలి వైపుకి వెళ్ళి తెర అంచు పట్టుకుని సర్దారు. "పట్టాల మీద పసుపంటావా, నలుగురు కూర్చుంటే ఒకటి రెండు పూటల్లో పోయింది. పోతుందనే ఇచ్చాను. నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క మనిషితో మనసు విప్పి మాట్లాడలేదయ్యా. ఇంట్లో కూడా మాట్లాడటం లేదని మీ ఆవిడ బడికొచ్చి నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దానికి నా దగ్గర బ్రష్షు లేదు. నేనేం చెయ్యను?"

ఇంకేదో అనబోయాను. ఇంజన్ దిగిన రోజున రాని ఏడుపు, పరీక్ష తప్పానని చదివి వినిపించిన రోజున రాని ఏడుపు, అంతా ఒక్కసారి వచ్చింది. బల్ల పట్టుకుని, తల వంచుకుని, మంచి కంటా మసక కంటా ధారగా ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. దగ్గరికి కూడా రాలేదు. కిటికీ వైపు తిరిగి నుంచున్నారు.

తర్వాత అటు తిరిగే, మెల్లగా అన్నారు: "ఏడువు అయ్యా, ఏం ఫరవాలేదు. కాస్త పట్టాలకి ఎడంగా జరిగి ఏడువు."